విశాఖలో ఇంటి లెక్క: రాబడి తీరు చూసి వేసుకునే డబ్బు ప్రణాళిక

నెలకు నలభై వేల రాబడి ఉన్న ఇళ్లు గాజువాకలో ఉన్నాయి, మధురవాడలో ఉన్నాయి, పెదజాలరిపేటలోనూ ఉన్నాయి. అంకె ఒకటే గానీ ఆ డబ్బు తీరు వేరు. నేవల్ డాక్‌యార్డులో పర్మనెంటు ఉద్యోగికి నెల తిరిగేసరికి ఠంచనుగా పడుతుంది. పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రాడికి ఆ కాంట్రాక్టు నడిచినన్నాళ్లే పడుతుంది. సముద్రంలో చేపల వేటకు వెళ్లే ఇంట్లో ఒక నెల లక్ష చేతికొస్తుంది, మే నెలలో పైసా రాదు. జీతంలో సగం అవసరాలకు, ముప్ఫై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు అంటూ అందరికీ ఒకే కొలత చెప్పే సలహాలు ఈ తేడాను పట్టించుకోవు. అందుకే మొదటి నెల ఉత్సాహంగా లెక్క రాసిన ఇంట్లో మూడో నెలకల్లా ఆ నోట్‌బుక్కు మూలన పడుతుంది.

నా ఉద్దేశంలో ఇంటి ప్రణాళిక ఒకే ప్రశ్నతో మొదలుకావాలి: మన ఇంట్లోకి డబ్బు ఏ దారిన వస్తోంది, ఆ దారి ఎప్పుడు మూసుకుపోవచ్చు? దీనికి జవాబు రాసుకున్నాక ఎంత దాచాలి, ఏ బీమా తీసుకోవాలి, ఇల్లు కొనాలా వద్దా అన్నవి ఒకదాని వెనక ఒకటి తేలుతాయి. కింది అడుగులను ఇదే వరసలో వేయండి. బీమా లేకుండా మ్యూచువల్ ఫండ్ మొదలుపెట్టిన ఇల్లు, నిల్వ సొమ్ము లేకుండా ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చిన ఇల్లు, మొదటి కష్టానికే వెనక్కి పడుతుంది.

మొదటి అడుగు: మీ రాబడి ఏ రకం?

గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, ఏ నెలలో ఎంత జమ అయిందో ఒక కాగితం మీద వరసగా రాయండి. భార్యాభర్తలిద్దరిదీ రాయండి. అద్దె వస్తుంటే అది, ఊళ్లో పొలం కౌలు వస్తుంటే అది కూడా. అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల చుట్టూ సున్నా చుట్టండి. మీ ఇల్లు నడవాల్సింది ఆ అంకె మీదే. సగటు చూసుకుని ఖర్చు పెట్టుకుంటే ఏడాదిలో సగం నెలలు అప్పుతోనే గడుస్తాయి.

తర్వాత ఆ రాబడి దేని మీద ఆధారపడిందో చూడండి. ఉక్కునగరం చుట్టుపక్కల కుటుంబాలకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న దగ్గర్నుంచి, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించేదాకా, నాలుగేళ్లు ఆ ఇళ్లలో ఈఎంఐలు గుండె చిక్కబట్టుకుని కట్టారు. కూర్మన్నపాలెంలో కిరాణా కొట్టు, టిఫిన్ సెంటరు, ట్యూషన్లు నడిపేవాళ్ల రాబడి కూడా ఆ ప్లాంటు గేటు మీదే ఆధారపడుతుంది. భర్తకు ప్లాంటులో కాంట్రాక్టు పని, భార్యకు దాని పక్కనే స్కూల్లో ఉద్యోగం ఉంటే ఇంట్లో రెండు జీతాలు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆధారం మాత్రం ఒక్కటే.

రొయ్యల వ్యాపారంలోనూ ఇదే చూశాం. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ చెరువు రైతు దగ్గర్నుంచి ఎగుమతిదారు దాకా అందరికీ తగిలింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం మన ఇంటి నెలసరి లెక్కలోకి ఇంత త్వరగా వస్తుందని చాలామంది అనుకోలేదు.

వేట మీద బతికే ఇళ్లకు ఆగిపోయే తేదీ ముందే తెలుసు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు నిషేధం. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం పది వేల నుంచి రూ.20,000కు పెంచింది. 61 రోజుల మీద పంచితే రోజుకు రూ.328. ఇంటిల్లిపాదికీ అదే అయితే, మిగతాది జూలై నుంచి మార్చి దాకా వచ్చే డబ్బులోంచే పక్కన పెట్టుకోవాలి.

కాబట్టి మీ రాబడిని మూడింటిలో ఒకదాని కింద రాయండి. గట్టి రాబడి: ప్రభుత్వ ఉద్యోగం, పోర్టు, రైల్వే, నేవీ, పెన్షను. గడువు రాబడి: కాంట్రాక్టు పని, ప్రైవేటు ఉద్యోగం, ఐటీ. సీజను రాబడి: వేట, ఆటో, పెళ్లి పందిళ్ల పని, బీచ్ రోడ్డు వ్యాపారాలు, కమీషన్లు. ఒకే ఇంట్లో రెండు రకాలు ఉంటే మంచిదే. అప్పుడు అద్దె, ఫీజులు, కిస్తులు గట్టి రాబడి మీద పెట్టి, సీజను డబ్బును పూర్తిగా పొదుపుకు మళ్లించవచ్చు.

రెండో అడుగు: పన్నెండు నెలల ఖర్చుల పట్టిక

నెల బడ్జెట్ వేసి చాలామంది విఫలమవుతారు, ఎందుకంటే మన ఖర్చులు నెలవారీగా రావు. జనవరిలో సంక్రాంతికి శ్రీకాకుళమో విజయనగరమో ఊరెళ్లాలి, కూతుళ్లకూ అల్లుళ్లకూ బట్టలు పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్ల చదివింపులు, కరెంటు బిల్లు. జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, ఆ తర్వాత దసరా, దీపావళి. బండి ఇన్సూరెన్సు, ఇంటి పన్ను లాంటివి ఎప్పుడు పడతాయో బిల్లు వచ్చేదాకా గుర్తుండదు.

ఇలాంటి ఏడాదికోసారి ఖర్చులన్నీ కూడి పన్నెండుతో భాగించండి. మొత్తం రూ.96,000 తేలితే నెలకు ఎనిమిది వేలు వేరే ఖాతాలో పడాలి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, యూపీఐ పెట్టకండి. ఈ ఒక్క పనితో జూన్‌లో గొలుసు తాకట్టుకు వెళ్లడం ఆగుతుంది.

పట్టికలో వచ్చే డబ్బు కూడా రాయండి. తల్లికి వందనం కింద బిడ్డకు రూ.15,000 అని ప్రకటించినా అందులో రెండు వేలు బడి నిర్వహణకు పోయి తల్లి ఖాతాలో పడేది రూ.13,000. ఆ డబ్బు వచ్చిన రోజే ఫీజు ఖాతాకు మార్చేయండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. గాజువాక నుంచి ద్వారకా బస్ కాంప్లెక్సుకు రోజూ ఉద్యోగానికి వెళ్లే ఆవిడకు ఆ మిగులు నెలాఖరుకు కనబడే మొత్తమే. దాన్ని పేరు పెట్టి పక్కకు తీయకపోతే ఎటు పోయిందో తెలియకుండా కరిగిపోతుంది.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే శ్లాబులు ఎలా పనిచేస్తాయో తెలిసిన ఇల్లు వేరేగా వాడుతుంది. మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ గృహ టారిఫ్‌లో 2022 నుంచి మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ లెక్కన 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ రూ.867. మే నెలలో ఏసీ వల్ల ఇంకో వంద యూనిట్లు పెరిగితే ఆ వందకే రూ.806 అదనం. మొదటి రెండు వందల యూనిట్లకు ఎంతయిందో, చివరి వందకు దాదాపు అంతే అవుతోంది. సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. రాత్రి ఏసీని రెండు గంటలు నడిపాక ఆపి ఫ్యాను వేసుకోవడం ఎందుకు గిట్టుబాటో ఈ లెక్కే చెబుతుంది.

మూడో అడుగు: నిల్వ సొమ్ము

గట్టి రాబడి ఉన్నవారికి మూడు నెలల ఇంటి ఖర్చు చాలు. గడువు రాబడి అయితే కనీసం ఆరు నెలలది. సీజను రాబడి అయితే ఖాళీగా ఉండే నెలల ఖర్చు, దాని మీద ఇంకో మూడు నెలలది. ఇక్కడ ఖర్చంటే అద్దె, కిస్తులు, బియ్యం, పాలు, మందులు, ఫీజులు. సినిమాలు, బయటి భోజనాలు లెక్కలోకి రావు.

ఈ డబ్బును మూడు చోట్ల పెట్టండి. ఎక్కువ భాగం బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, ఒకే పెద్ద డిపాజిట్‌గా కాకుండా యాభై వేల చొప్పున విడివిడిగా వేస్తే అవసరానికి ఒక్కటే తీసుకోవచ్చు. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో. ఇక కొంత నగదు ఇంట్లో. విశాఖలో నగదు మాట ఊరికే చెప్పడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. పాలు, నీళ్ల క్యాన్లు, కొవ్వొత్తులు అన్నీ చిల్లర నోట్ల మీదే కొన్నారు. ఇప్పుడు మనం కొత్తిమీర కట్ట కూడా ఫోన్‌తోనే కొంటున్నాం. అక్టోబరు, నవంబరు నెలల్లో వారానికి సరిపడా నగదు, వంద, రెండు వందల నోట్లలో ఇంట్లో ఉండాలి.

బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి రూ.5 లక్షల దాకా బీమా ఉంటుంది. అంతకు మించి ఉంటే రెండు బ్యాంకుల్లో పెట్టండి. ముఖ్యంగా చిన్న సహకార బ్యాంకుల్లో దాచుకునేవారు ఈ పరిమితి మరిచిపోకూడదు.

నాలుగో అడుగు: బీమా

ముందు చవకైనవి తీసుకోండి. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి రూ.20, ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు. జీవన్ జ్యోతికి ఏడాదికి రూ.436, ఏ కారణంతో మరణించినా రూ.2 లక్షలు, చేరే వయసు 18 నుంచి 50. రెండూ సేవింగ్స్ ఖాతా నుంచి ఏటా మే ఆఖర్లో కట్ అవుతాయి. ఆ సమయానికి ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది.

సంపాదించే మనిషికి ఇది చాలదు. ఏడాది రాబడికి పది పదిహేను రెట్లు, దానికి ఇంటి అప్పులు కలిపి టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మరణిస్తేనే డబ్బు వచ్చే పాలసీ, ఉండాలి. ఇరవై ఏళ్లకు ఇంత తిరిగొస్తుందని చెప్పే పాలసీ మన బంధువుల్లోని ఏజెంటు తెస్తాడు, మొహమాటానికి తీసుకుంటాం. దానికి కట్టే ప్రీమియంతో పోలిస్తే వచ్చే రక్షణ చాలా తక్కువ. రక్షణకు టర్మ్ పాలసీ, పొదుపుకు పొదుపు పథకం, రెండూ విడివిడిగా ఉంచండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. వాయిదా వేసుకుంటూ వచ్చినవారికి ఇది మంచి అదను.

ఆరోగ్యానికి ముందు మీకు ఏముందో చూసుకోండి. ఈఎస్ఐ వర్తించే సంస్థలో జీతం రూ.21,000 లోపు ఉంటే ఆ వైద్యం ఉంటుంది. జీతం పెరిగి ఆ గీత దాటితే, అప్పుడు నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిశాక ఈఎస్ఐ పోతుంది. ఇంక్రిమెంటు వచ్చిన ఆనందంలో దీన్ని పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. జీతం గీత దాటిన నెలలోనే సొంత పాలసీకి దరఖాస్తు పెట్టండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే కుటుంబాలు కార్డులో అందరి పేర్లూ, కొత్తగా పుట్టిన బిడ్డతో సహా, ఉన్నాయో లేదో వార్డు సచివాలయంలో చూపించుకోవాలి.

ఆరోగ్య పాలసీలో అన్నిటికంటే ముందు చదవాల్సింది గది అద్దె పరిమితి. ఐదు లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం, అంటే రూ.5,000 గది అని ఉందనుకోండి. మీరు ఎనిమిది వేల గదిలో చేరారు. అదనపు మూడు వేలు మీరు కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. అలా జరగదు. డాక్టరు ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటరు ఖర్చులు కూడా ఎనిమిది వంతుల్లో ఐదు వంతుల లెక్కనే ఇస్తారు. ఆ ఖర్చులు రూ.1,60,000 అయితే పాలసీ ఇచ్చేది లక్ష, మీ జేబులోంచి అరవై వేలు. గది అద్దె పరిమితి లేని పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువైనా దాన్నే తీసుకోమంటాను. షుగరు, బీపీ ఉంటే దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. దాచినందుకు క్లెయిమ్ తిరస్కరిస్తే ఇన్నేళ్ల ప్రీమియం వృథా.

తుఫాను ఊరు కాబట్టి ఇంకో రెండు మాటలు. బండికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే చెట్టు విరిగి మీద పడినా, సెల్లార్‌లోకి నీళ్లొచ్చినా రూపాయి రాదు. సొంత నష్టం కవరు ఉండాలి. సొంత ఇల్లు ఉన్నవారు భారత్ గృహ రక్ష పాలసీ గురించి అడగండి. తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులో ఉంటాయి, 2021 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ దాన్ని ఇస్తున్నాయి.

ఐదో అడుగు: అప్పులన్నీ ఒకే భాషలోకి తేవడం

మన దగ్గర వడ్డీని రెండు భాషల్లో మాట్లాడతాం. బయట "రెండు రూపాయల వడ్డీ" అంటాం, బ్యాంకులో "తొమ్మిది శాతం" అంటాం. రెండు తొమ్మిది కంటే చిన్నదిగా వినిపిస్తుంది. రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డులో మినిమమ్ మాత్రమే కట్టి బాకీ ఉంచితే చాలా కార్డుల్లో నెలకు మూడున్నర, అంతకు మించి కూడా, అంటే ఏడాదికి 42 శాతం, ఆ పైన. మీ అప్పులన్నిటినీ ఏడాది శాతంలోకి మార్చి పెద్దది పైన రాయండి. మిగిలిన ప్రతి రూపాయీ పైన ఉన్నదానికే పోవాలి.

చాలా ఇళ్లలో పై అప్పును బ్యాంకు బంగారు రుణంతోనో, డ్వాక్రా సంఘం బ్యాంకు లింకేజీతోనో మార్చుకునే వీలుంటుంది. నగరంలో సంఘాలను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూస్తుంది. బీరువాలో గొలుసు ఉంచుకుని వెలుపల మూడు రూపాయల వడ్డీ కట్టడం దండగ. ఒక్క షరతు: తీర్చే తేదీ రాసుకున్నాకే కుదువ పెట్టండి. 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటాక, ధర పెరిగినప్పుడల్లా అదే నగ మీద ఇంకొంచెం తీసుకోవడం అలవాటైంది. ధర తగ్గిన రోజున బ్యాంకు తేడా కట్టమంటుంది.

ఇక చీటీలు. ఈ ఊళ్లో వీధి వీధికీ ఒక చీటీ ఉంటుంది, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. రెండు లక్షల చీటీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు పది వేలు. మూడో నెలలో మీకు డబ్బు అవసరం పడింది. "వదినా, ఈసారి పాట నాకు వదిలెయ్" అని పక్కింటావిడను బతిమాలి, యాభై వేలు తగ్గించుకుని లక్షన్నరకు ఎత్తారు. ఆ యాభై వేలలోంచి, రెండు లక్షల మీద ఐదు శాతం కమీషను కింద పది వేలు నిర్వాహకుడికి పోయి, మిగిలిన నలభై వేలు ఇరవై మందికీ రెండు వేల చొప్పున వస్తుంది. ఆ నెల అందరూ కట్టేది ఎనిమిది వేలు. అంతవరకు మీరు కట్టింది మొదటి నెల పది వేలు, రెండో నెల ఏడున్నర వేలు, మూడో నెల ఎనిమిది, మొత్తం రూ.25,500. అంటే మీ చేతికి నికరంగా వచ్చిన అప్పు రూ.1,24,500. ఇక మిగిలిన 17 నెలలు సగటున తొమ్మిది వేల చొప్పున కట్టేది రూ.1,53,000. దీన్ని నెలవారీ కిస్తు అప్పుగా లెక్కేస్తే నెలకు నూటికి దాదాపు రెండు రూపాయల నలభై పైసలు పడింది. తెలిసినవాళ్ల మధ్య, పత్రాలు లేకుండా దొరికే అప్పు కాబట్టి ఆ ధర కనబడదు.

చివరి నెలలదాకా ఆగేవారికి అదే చీటీలో మంచి ఆదాయం వస్తుంది, నిజమే. అది నిర్వాహకుడు చివరిదాకా నిలబడితేనే. చీటీ వేసేముందు 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రారు దగ్గర ఆ గ్రూపుకు అనుమతి ఉందో లేదో చూడండి. 2019 సవరణ ప్రకారం కమీషను ఏడు శాతం మించకూడదు. పాట పాడినవారికి హామీ సంతకం పెట్టమని అడిగితే, ఆ మొత్తం మీ అప్పేనని మీ అప్పుల పట్టికలో రాసుకోండి. రాయడానికి చెయ్యి రాకపోతే సంతకమూ పెట్టొద్దు.

ఆరో అడుగు: డబ్బు పెరిగే చోటు

ముందు పీఎఫ్. పరవాడలోనూ అచ్యుతాపురంలోనూ కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ డ్రా చేసుకునే కుర్రాళ్లను చూస్తే బాధేస్తుంది. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అంత భద్రంగా అంత వడ్డీ ఇచ్చే బ్యాంకు డిపాజిట్ దొరకడం కష్టం. పైగా పెన్షనుకు పదేళ్ల సర్వీసు నిండాలి, మధ్యలో పెన్షను డబ్బు తీసేసుకుంటే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త కాంట్రాక్టరుకు పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) నంబరే ఇవ్వండి. జీతం స్లిప్పులో కట్ అయిన పీఎఫ్ నిజంగా జమ అవుతోందో లేదో పాస్‌బుక్కులో చూసుకోండి.

ఆడపిల్లకు పదేళ్లు నిండకముందే సుకన్య ఖాతా తెరవండి. ఏడాదికి రూ.250 నుంచి లక్షన్నర దాకా, పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు చేతికొస్తుంది. 2024 జనవరి నుంచి 8.2 శాతం ఉంది, మూడు నెలలకోసారి కేంద్రం సమీక్షిస్తుంది. మగపిల్లలకు, మీకు పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్): 7.1 శాతం, పదిహేనేళ్లు.

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. దాంతో బ్యాంకు డిపాజిట్ల వడ్డీ కూడా దిగింది. వడ్డీ మీద ఇల్లు నడిపే రిటైరైనవారికి ఇది నేరుగా తగులుతుంది. అరవై నిండినవారు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో రూ.30 లక్షల దాకా ఐదేళ్లకు పెట్టవచ్చు. 8.2 శాతం చొప్పున ముప్ఫై లక్షల మీద మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంది, ఐదేళ్లూ ఆ రేటు మారదు. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన నెలలో ఇంటికి ఎవరెవరో వస్తారు: ప్లాట్లవాళ్లు, చీటీలవాళ్లు, నెలకు నాలుగు శాతం లాభమనేవాళ్లు. మూడు నెలలు ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచి, ఎవరికీ మాట ఇవ్వకండి.

పదేళ్లకు మించిన అవసరాలకు, పిల్లల ఇంజినీరింగ్ లాంటివాటికి, ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా ఇంత అని, పెట్టుకోవచ్చు. ఖర్చు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది. ఇప్పుడు పది లక్షలయ్యే చదువు అప్పటికి ఇరవై లక్షలు. నెలకు ఐదు వేలు పదిహేనేళ్లు పెడితే, పది శాతం పెరిగిందనుకున్నా సుమారు రూ.20.7 లక్షలు. పది శాతానికి హామీ లేదు. మధ్యలో ఏడాదో రెండేళ్లో పడిపోయే రోజులుంటాయి. నిల్వ సొమ్ము ఉన్నవాడే ఆ రోజుల్లో అమ్ముకోకుండా ఉండగలడు. సీజను రాబడివారు నెలనెలా సిప్ పెట్టుకుని ఇబ్బంది పడకండి. డబ్బు వచ్చిన నెలల్లోనే విడతగా వేయండి.

పన్ను మాట: 2025-26 నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు రూ.12.75 లక్షల దాకా పన్ను లేదు. ఆ విధానంలో ఉన్నవారు ఫిబ్రవరిలో పన్ను ఆదా కోసమని పాలసీలు కొంటే ఏ ప్రయోజనమూ లేదు.

ఏడో అడుగు: ఇల్లు

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటరు కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. భోగాపురం విమానాశ్రయం ఒక పక్క. ఆనందపురం, తగరపువలస, పద్మనాభం వైపు ప్రతి బ్రోచర్లోనూ ఈ రెండు పేర్లే. డేటా సెంటరు కట్టేటప్పుడు పని చాలామందికి దొరుకుతుంది. కట్టాక అందులో ఉండేది యంత్రాలే ఎక్కువ. దాన్ని చూసి ఊరంతా జీతాలు పెరుగుతాయనుకుని అప్పు చేసి ప్లాటు కొనడం నేను సమర్థించను. మీ జీతం ఆ పెట్టుబడితో ఎలా పెరుగుతుందో మీరు చెప్పగలిగితే అది వేరు.

ఉండటానికి కొంటున్నారా? అరవై లక్షల ఫ్లాటు అనుకుందాం. బ్యాంకు 80 శాతమే ఇస్తుంది, 48 లక్షలు. మీరు పెట్టాల్సింది 12 లక్షలు. రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు, ఇది లోనులో రాదు. కబోర్డులు, గ్రిల్సు వేరు. 48 లక్షలకు 8 శాతం, ఇరవై ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు రూ.40,150. అదే ఫ్లాటు పదహారు వేలకు అద్దెకు దొరుకుతుంటే, ఆ తేడా భరించే శక్తి మీ సున్నా చుట్టిన నెలలో ఉందా అని చూడండి. గడువు రాబడి ఇంట్లో కిస్తులన్నీ కలిపి ఆ అంకెలో మూడో వంతు దాటకూడదన్నది నా మాట.

కాగితాల విషయంలో లాయరు ఫీజుకు వెనకాడకండి. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు, వీఎంఆర్‌డీఏ లేదా జీవీఎంసీ అనుమతి, రెరా నంబరు, ఫ్లాటయితే మీ వాటాకు వచ్చే గజాలు చూడాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను కుదరని 22ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో ముందే చూడండి. ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూములు చేతులు మారిన చోట ఈ ఒక్క పరిశీలనే జీవితకాలపు సొమ్మును కాపాడుతుంది.

ఇప్పటికే లోను ఉన్నవారు రెపో తగ్గింపు మీ ఖాతాలో పడిందో లేదో బ్యాంకులో అడగండి. రెపోకు ముడిపడని పాత పద్ధతి లోన్లు అంత త్వరగా తగ్గవు, చిన్న ఫీజుతో రెపోకు ముడిపడిన కొత్త పద్ధతికి మార్పించుకోవాలి. ముప్ఫై లక్షల ఇరవై ఏళ్ల లోనుకు 8.5 శాతంలో ఈఎంఐ రూ.26,035. 7.25 శాతంలో రూ.23,711. తగ్గిన ఈఎంఐ ఇరవై ఏళ్లు కడితే మొత్తం 56.9 లక్షలు. అదే రేటులో పాత 26,035 కడుతూ పోతే 198 నెలల్లో తీరి, మొత్తం 51.5 లక్షలే అవుతుంది. రేటు తగ్గినప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచండి, గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా అడగండి. ఫ్లోటింగ్ రేటు గృహ రుణం ముందుగా తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు.

ఎనిమిదో అడుగు: నామినీలు, కాగితాలు

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. పీఎఫ్‌లో ఈ-నామినేషన్ విడిగా చేయాలి. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి రూ.7 లక్షల దాకా ఈడీఎల్ఐ బీమా వస్తుందని పీఎఫ్ ఉన్న చాలామందికే తెలియదు. పెళ్లికాకముందు అమ్మను నామినీగా పెట్టి అలాగే వదిలేసినవారు ఈ వారమే మార్చండి.

ఒక పొడుగు నోట్‌బుక్కులో ఖాతాలు, పాలసీ నంబర్లు, లాకరు, చీటీలు, ఎవరికి బాకీ, ఎవరి దగ్గర రావాలి, అన్నీ రాయండి. పాస్‌వర్డులు రాయొద్దు. ఒరిజినల్ పత్రాలు నీళ్లు చొరని కవరులో, కింది గదిలో కాకుండా ఎత్తులో పెట్టండి. ఫోటోలు తీసి డిజిలాకరులోనో మెయిల్లోనో ఉంచండి. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోతే బంధువులతో చర్చలు తర్వాత, ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ. చనిపోయిన పెద్దవాళ్ల పేరున పాత ఖాతాలేమైనా మిగిలిపోయాయేమో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్లో పేరు, పాన్ కొట్టి వెతకండి. దొరికితే మరణ ధ్రువపత్రంతో ఆ శాఖకు వెళ్లి క్లెయిమ్ ఫారం నింపాలి.